గొంతుకు పూచీ ఉండాలి

రేడియో విన్న ప్రతి ఇంటికీ తెలిసిన గొంతు అమీన్ సయానీ గారిది. 2024 ఫిబ్రవరి 20న ఆయన ముంబాయిలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 91 ఏళ్లు. పట్నం పత్రికలు, సినిమా పేజీలు ఆయన గురించి రాయాల్సిందంతా రాశాయి. పత్తి, వరి, మిరప గురించి రాసుకునే ఈ పేజీలో ఆయన ప్రస్తావన ఎందుకని కొందరు అడగవచ్చు. ఎదుట కనిపించని మనిషికి మాట నమ్మకంగా ఎలా చేరవేయాలో ఈ దేశంలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. రైతుకు నేడు కరువైంది సరిగ్గా ఆ నమ్మకమే. అందుకని ఆయన్ను తలచుకోవడం మనకూ అవసరమే.

మన వైపు ఒక సామెత ఉంది, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని. వ్యవసాయ సభలకు వెళ్లినవారికి, మందుల దుకాణం బల్ల ముందు నిలబడినవారికి దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. సయానీ గారు 60 ఏళ్లకు పైగా మైకు ముందు కూర్చున్నారు. ఒక్కరోజు కూడా వినేవాణ్ణి లోకువ చేయలేదు. ఆయన గొప్పతనం ఒక్క ముక్కలో చెప్పాలంటే అదే.

వారానికి 25 రూపాయల కొలువు

ఆయన 1932 డిసెంబర్ 21న బొంబాయిలో పుట్టారు. అన్నగారు హమీద్ సయానీ అప్పటికే పేరున్న ఇంగ్లీషు ప్రసారకులు. తమ్ముణ్ణి ఆకాశవాణి బొంబాయి కేంద్రానికి తీసుకువెళ్లింది ఆయనే. అమీన్ గారు మొదట్లో ఇంగ్లీషు కార్యక్రమాలే చేశారు, హిందీకి తర్వాత వచ్చారు.

1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా పోయింది. జనం ఊరుకుంటారా? ముల్లు తిప్పి సముద్రం అవతల ఉన్న రేడియో సిలోన్ పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 3న సిలోన్ నుంచి 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. అది ఒక పళ్లపేస్టు కంపెనీ సొమ్ముతో నడిచిన కార్యక్రమం. బుధవారం రాత్రి 8 గంటలకు వచ్చేది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబోకు వెళ్లి, అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో మన ఇళ్లకు తిరిగి వచ్చేవి.

ఆ కొలువుకు జీతం వారానికి 25 రూపాయలు. సొమ్ము తక్కువ, ఉత్తరాల చాకిరీ ఎక్కువ అని పేరున్న పెద్దవాళ్లు ముందుకు రాలేదు. కుర్రవాడని ఆయనకు అప్పగించారు. మొదట అదొక చిన్న పోటీ. ఏడు పాటలు వేసేవారు, వాటిని సరైన వరుసలో పేర్చి రాసినవారికి బహుమతి. తొలి కార్యక్రమానికే దాదాపు 9 వేల ఉత్తరాలు వచ్చాయి. పోను పోను వారానికి 65 వేల దాకా వెళ్లింది లెక్క. కొత్త ఆవకాయ జాడీలు పెట్టడానికి చోటు వెతుక్కున్నట్టు ఉత్తరాల సంచులకు చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు పోటీ ఎత్తేసి, దేశంలో జనం మెచ్చిన పాటల వరుస చెప్పే కార్యక్రమంగా దాన్ని మార్చారు. 1953 ఏడాది మొత్తానికి అగ్రస్థానం 'అనార్కలి'లో లతా మంగేష్కర్ పాటకు దక్కింది. రెండేళ్లకు అదే కథ తెలుగులో నాగేశ్వరరావు, అంజలీదేవిలతో వచ్చింది, మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

చివరికి ఆకాశవాణి కూడా దిగి రాక తప్పలేదు. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలైంది. గీత్‌మాలా మాత్రం సిలోన్‌లోనే కొనసాగి, 1989లో వివిధభారతికి మారి, 1994 దాకా నడిచింది. కంపెనీ పేరు మారినప్పుడల్లా కార్యక్రమం పేరు ముందు ముక్క మారింది. గొంతు మారలేదు. 2009లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 54 వేలకు పైగా రేడియో కార్యక్రమాలు, 19 వేల దాకా ప్రకటనలు ఆయన గొంతుతో వచ్చాయని లెక్క కట్టారు.

హిందీ రాని ఊళ్లలో ఎలా విన్నారు?

మన వరంగల్ వైపు పాతవాళ్లకు ఉర్దూ ముక్కలు తెలుసు. నిజాం కాలంలో బడి చదువు, కచేరి కాగితం అన్నీ అందులోనే కదా. అందుచేత ఆయన మాట మనవాళ్లకు మరీ పరాయిది కాలేదు. కానీ కోస్తా జిల్లాల్లో హిందీ అక్షరం రానివాళ్లు కూడా బుధవారం వచ్చిందంటే రేడియో ముందు కూర్చున్నారు. సిలోన్‌లోనే తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారికీ మన ఊళ్లలో అంతే అభిమానులు ఉండేవారు. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టించుకునే రోజులవి. ఊరికి ఒకటో రెండో సెట్లు ఉండేవి, పటేల్ ఇంటి అరుగు మీద ఒకటి, హోటల్లో ఒకటి.

ట్రాన్సిస్టర్లు వచ్చాక రేడియో పొలానికి నడిచింది. బాయికాడ మోటారు కొట్టంలో మేకుకు తోలుసంచి రేడియో వేలాడుతూ ఉండేది. రాత్రి కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చేదాకా కూర్చోవాలి. పురుగూ పుట్రా భయం, చీకటి, ఒంటరితనం. ఆ సమయంలో పక్కన ఒక మనిషి మాట్లాడుతున్నట్టు వినిపించే గొంతు విలువ ఎంతో, పొలం కావలి పడుకున్నవాడికే తెలుసు. నా చిన్నతనంలో వివిధభారతిలో గీత్‌మాలా వస్తుంటే మా బాపు సౌండు పెంచి, ఆ ఒక్క గంట ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. 'పాటల కోసం కాదురా, ఆయన మాట్లాడుతుంటే మనల్నే పిలిచి చెప్తున్నట్టు ఉంటది' అనేవాడు.

అమ్మ నేర్పిన భాష

ఆ మాట తీరు ఆయనకు ఊరికే రాలేదు. తల్లి కుల్సుం సయానీ స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న మనిషి, వయోజన విద్య కోసం పాటుపడిన మనిషి. గాంధీగారి ప్రోత్సాహంతో 1940లో 'రహబర్' అనే పక్షపత్రిక పెట్టారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకున్న పెద్దవాళ్ల కోసం ఆ పత్రిక. ఒకటే భాష, సాదా హిందుస్తానీ. అచ్చు మాత్రం నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో. 1960 దాకా నడిచింది. కొడుకు ఆ పనిలో అమ్మకు సాయపడ్డాడు. కొత్తగా చదువు నేర్చిన కూలివాడు ఏ మాట దగ్గర ఆగిపోతాడో, ఏ మాట చటుక్కున అందుకుంటాడో అక్కడ తెలుసుకున్నాడు. ఇంగ్లీషులో మొదలైన మనిషి హిందీ మైకు ముందుకు వచ్చినప్పుడు ఆ అమ్మ పత్రికే ఆయనకు బడి అయింది. ఆయన పండితుల హిందీ మాట్లాడలేదు, దర్బారు ఉర్దూ మాట్లాడలేదు. సంతలో నడిచే మాట మాట్లాడారు.

ఇక్కడే మన వ్యవసాయ శాఖవారికి ఒక మనవి. రైతుకు వచ్చే కరపత్రం తీసి చదవండి. 'కాండం తొలుచు పురుగు ఉధృతి ఆర్థిక నష్టపరిమితి స్థాయిని దాటిన పక్షంలో సిఫారసు చేయబడిన మోతాదులో పిచికారీ చేపట్టవలెను' అని ఉంటుంది. రాసినవారికి విషయం తెలియక కాదు. వినేవాడు ఎవరో మనసులో లేక. ఇదే సంగతి 'పొలంలోకి దిగండి. మొవ్వు ఎండిన పిలక పట్టుకుని మెల్లగా లాగండి. తేలిగ్గా ఊడి చేతిలోకి వచ్చిందా? అయితే కింద పురుగు తొలిచింది. ఒకచోట చూసి మందు కొట్టకండి, పొలం నాలుగు దిక్కులా అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కతో మా దగ్గరికి రండి' అంటే ఎంత తేడా! రెండోది చదువురాని అమ్మకూ అర్థమవుతుంది. మందు డబ్బా కొనకముందే లెక్కపెట్టడం అలవాటవుతుంది. సులువుగా చెప్తే విలువ తగ్గిపోతుందని కొందరు ఆఫీసర్ల అనుమానం. సులువుగా చెప్పడం కష్టం కనుకే సయానీ గారిని అంతకాలం గుర్తుపెట్టుకున్నాం.

ముందు అక్కలు, తర్వాత అన్నలు

ఆయన పిలుపు దేశమంతా తెలుసు. సభల్లో అందరూ 'సోదర సోదరీమణులారా' అంటారు. ఆయన వరుస తిప్పి 'బెహనో ఔర్ భాయియో' అన్నారు. ముందు అక్కచెల్లెళ్లు, ఆ తర్వాత అన్నదమ్ములు. చిన్న మార్పే. కానీ వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న ఆడమనిషికి ఇది నాకోసమే అనిపించింది.

మరి మన వ్యవసాయంలో సంగతి ఏమిటి? నాటు వేసేది ఆడవాళ్లు. కలుపు తీసేది ఆడవాళ్లు. పత్తి ఏరేది, మిరప తెంపేది ఆడవాళ్లు. ఆకు కింద గుడ్లు, పువ్వులో పురుగు మొదట కనపడేది వాళ్ల కంటికే. రైతు సదస్సులో మాత్రం మైకు పట్టుకున్నవారు 'రైతు సోదరులారా' అని మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. శిక్షణకు పిలిచేది మొగవాళ్లను, పురుగు చూడాల్సింది ఆడవాళ్లు. పిలుపులో లేనివాళ్లు లెక్కలో కూడా ఉండరు. రేపటి నుంచి పిలుపు మార్చడానికి జీవో ఏమీ అక్కర్లేదు కదా!

అటు నుంచి ఇటు కూడా

రేడియో అంటే అటువాళ్లు చెప్పడం, ఇటువాళ్లు వినడం అనుకుంటాం. గీత్‌మాలా అలా నడవలేదు. ఊరూరా శ్రోతల సంఘాలు ఏర్పడ్డాయి. రికార్డుల దుకాణాల నుంచి అమ్మకాల లెక్క, సంఘాల నుంచి అభిప్రాయం రెండూ కలిపి పాటల వరుస కట్టేవారు. ఏ పాట ఏ మెట్టు మీద ఉందో సయానీ గారు సొంత ఇష్టంతో చెప్పలేదు. అటు నుంచి వచ్చిన మాటనే మళ్లీ అందరికీ వినిపించారు.

వ్యవసాయ రేడియో బాగా నడిచిన చోట్ల కూడా ఇదే కిటుకు. 1956లో యునెస్కో సాయంతో పూనా ప్రాంతంలో దాదాపు 150 గ్రామాల్లో రైతుల రేడియో బృందాలు పెట్టారు. పదిమంది, ఇరవైమంది ఒకచోట కూర్చుని వినేవారు, విన్నది చర్చించేవారు, సందేహాలు ఆకాశవాణికి రాసేవారు. జవాబు మళ్లీ రేడియోలో వచ్చేది. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు మొదలయ్యాయి. తమిళనాడు తంజావూరు వైపు ఏడీటీ 27 రకం వరిని రైతులు 'రేడియో వరి' అని పిలుచుకున్నారు. విత్తనం సంగతి రేడియోలో విని వేశారు, పండింది, ఆ పేరు నిలిచిపోయింది. మన పాడిపంటలు కార్యక్రమం విని ఎరువు మార్చినవాళ్లు, విత్తనశుద్ధి నేర్చినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. బాలానందం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని వరుస కలిపి పిలిచారు. గొంతుకు ఒక పేరు, ఒక వరుస ఉండేది. తప్పు చెప్తే అడగడానికి ఒక చిరునామా ఉండేది.

ఇప్పుడు గుండెకాయ లాంటి సంగతి

సయానీ గారు ప్రకటనల మనిషి కూడా. పళ్లపేస్టు అమ్మిపెట్టారు, ఇంకా ఎన్నో అమ్మిపెట్టారు. అందులో తప్పు లేదు. గొంతు ఆయనదని దేశమంతటికీ తెలుసు, సరుకు ఎవరిదో తెలుసు. ఆయన పేరే దానికి పూచీ. పళ్లపేస్టు బాగాలేకపోతే పోయేది అర్ధరూపాయో, రూపాయో. పొలంలో కొట్టే మందు పనిచేయకపోతే పోయేది ఏమిటి?

1997-98లో మన వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కదిలించిన విషాదం. ఆ ఏడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊరికి మైకు కట్టిన జీపు వచ్చింది. అచ్చం రేడియోలో మాదిరే తీయటి గొంతు, వెనక సంగీతం. ఒక్క డబ్బాతో లద్దెపురుగు మాయమని చెప్పింది. మా బాపు దుకాణంలో ఉద్దెరకు తెచ్చి కొట్టాడు. పురుగు చావలేదు. మళ్లీ కొట్టాడు. నాలుగుసార్లు కొట్టినా ఆకు జల్లెడ కావడం ఆగలేదు. దుకాణానికి పోతే 'కంపెనీ వాళ్లు చెప్పిన్రు, మాకేం ఎరుక' అన్నారు. జీపు మళ్లీ రాలేదు. బాపు అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. 'ఆ మాట్లాడినాయన పేరేంది?' ఎవరికీ తెలియదు. డబ్బా మీద లేదు, జీపు మీద లేదు. గొంతు ఉంది, మనిషి లేడు. అప్పు మాత్రం మూడేళ్లు ఉంది.

నేడు జీపు పోయి ఫోను వచ్చింది. లైసెన్సు లేని లూజు విత్తనాలను పొగిడే గొంతులు, పది రోజుల్లో దిగుబడి రెట్టింపు అనే గొంతులు వీడియోల్లో చేతిలోకే వస్తున్నాయి. ఇంకొకటి కూడా వచ్చింది. కంప్యూటరు మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు తయారు చేస్తోంది. బతికున్నవారి గొంతే కాదు, పోయినవారి గొంతు కూడా. రేపు మీరు నమ్మే శాస్త్రవేత్త గొంతుతో ఎవరో మందు అమ్మితే ఎలా పట్టుకుంటారు? మరోవైపు చాలాచోట్ల ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతబడ్డాయి. పేరున్న గొంతులు తగ్గుతున్నాయి, పేరులేని గొంతులు పెరుగుతున్నాయి. సయానీ గారి మరణం నన్ను బాధపెట్టింది ఈ కారణంగానే ఎక్కువ.

ఏం చేయాలి?

వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలవారు కలిసి జిల్లాకు ఒక గొంతును ఎంచుకోవాలి. రోజూ ఒకే వేళకు, అదే మనిషి, పేరు చెప్పి మాట్లాడాలి. రేడియోలో రావచ్చు, ఫోనులో రావచ్చు, ఏదైనా సరే. ఈరోజు ఈ మండలంలో ఏ పురుగు కనపడింది, వాన ఎలా ఉంది, ఏ పని ఆపాలి, ఏ పని చేయాలి. నిన్న చెప్పింది తప్పయితే ఈరోజు అదే గొంతు తప్పని చెప్పాలి. గీత్‌మాలా అన్నేళ్లు నిలబడిందంటే చెప్పిన వేళకు చెప్పిన మనిషి వచ్చాడు కనుక. పథకాలు మూడు నెలలకు ఆరిపోయే చోట నమ్మకం మొలవదు.

విత్తనం, పురుగుమందు ప్రకటన మైకులో వచ్చినా ఫోనులో వచ్చినా, మాట్లాడేవారి పేరు, కంపెనీ పేరు, లైసెన్సు నంబరు చెప్పి తీరాలనే నిబంధన రావాలి. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వేయించగలిగిన ప్రభుత్వానికి ఇది పెద్ద పని కాదు.

అక్కలారా, అన్నలారా, మన చేతిలో ఉన్నది కూడా చెప్పుకుందాం. సందేహం వస్తే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మాట్లాడినవారి పేరు అడిగి రాసి పెట్టుకోండి. విత్తనం కొంటే లాట్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి, ఖాళీ సంచీ, దాని చీటీ పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. ఫోనులో వచ్చిన వీడియో చూసి ఎకరమంతా కొట్టకండి. పదిమంది కలిసి కూర్చుని చర్చించండి, పూనా రైతులు 1956లో చేసిందే మన రచ్చబండ మీద చేసుకోవచ్చు.

రేపు మీ ఊళ్లో మైకు కట్టిన బండి ఆగితే, ఎంత తీయటి గొంతు అయినా సరే, డబ్బా ధర అడగకముందు ఒక్క ప్రశ్న వేయండి. 'మాట్లాడేది ఎవరు బాబూ? నీ పేరు చెప్పు, ఊరు చెప్పు, ఆ తర్వాతే నీ మందు సంగతి.' పేరు చెప్పడానికి జంకే గొంతుకు మన పొలంలో పనిలేదు.